ఎలక్ట్రిక్ బైకా, పెట్రోల్ బండా? షోరూమ్‌కు వెళ్లకముందే తేల్చుకోవడం ఎలా

కొత్త బండి మాట వచ్చిన ప్రతి ఇంట్లో ఇప్పుడు ఇదే చర్చ. నాన్న స్ప్లెండర్ అంటాడు, కొడుకు ఎలక్ట్రిక్ అంటాడు, పక్కింటాయన తన మరదలి కొడుకు బ్యాటరీ బండి కొని ఎంత ఇబ్బంది పడ్డాడో చెబుతాడు. అందరూ బండి గురించే మాట్లాడతారు. నన్ను అడిగినవాళ్లకు మాత్రం నేను చెప్పేది ఇది: ముందు మీరు రోజూ వెళ్లే దారి, మీ ఇంటి ప్లగ్ పాయింట్, మీ ఊరికి సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉంది, ఈ మూడూ చూసుకోండి. ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నది చివర్న తేలుతుంది. ఈ మూడూ కుదరకపోతే ఎంత మంచి ఎలక్ట్రిక్ బైకయినా ఇంట్లో గొడవే తెస్తుంది. మూడూ కుదిరితే నెలనెలా బంకులో పోసే డబ్బు చాలావరకు మిగులుతుంది.

ఒక కాగితం, పెన్ను, మీ పోయిన నెల కరెంటు బిల్లు దగ్గర పెట్టుకోండి.

ఇక్కడ నేను చెప్పేది మోటార్‌సైకిళ్ల గురించి. మన దేశంలో అమ్ముడయ్యే ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాల్లో ఎక్కువ భాగం స్కూటర్లే. బైకుల్లో ఎంపిక ఇంకా తక్కువే. 2019లో వచ్చిన రివోల్ట్ ఆర్‌వీ400, హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ తెచ్చిన ఎకోడ్రిఫ్ట్, బెంగళూరు నుంచి ఒబెన్ రోర్, 2025లో వచ్చిన ఓలా రోడ్‌స్టర్ ఎక్స్ రోజువారీ వాడకానికి తయారైనవి. గేర్లు ఉన్న ఎలక్ట్రిక్ బైకు కావాలంటే మ్యాటర్ ఏరా ఉంది. అల్ట్రావయొలెట్ ఎఫ్77 పూర్తిగా వేరే తరగతి, దాని ధరే దాదాపు మూడు లక్షల దగ్గర మొదలవుతుంది. బైకే కావాలన్న పట్టుదల లేనివాళ్లు ఎలక్ట్రిక్ స్కూటర్లు కూడా చూడండి. అక్కడ మోడళ్లూ ఎక్కువ, సర్వీస్ సెంటర్లూ ఎక్కువ.

1. ఒక వారం మీ కిలోమీటర్లు రాసుకోండి

ఇప్పుడున్న బండి మీటరు చూసి రోజూ రాత్రి ఎన్ని కిలోమీటర్లు తిరిగారో రాయండి. ఊహించి రాయొద్దు. చాలామంది ఆఫీసుకు వెళ్లొచ్చే దూరమే చెబుతారు. మధ్యలో పిల్లల్ని ట్యూషన్‌లో దింపడం, కూరగాయలకు వెళ్లడం, ఆదివారం అత్తగారింటికి వెళ్లడం మర్చిపోతారు.

వారం అయ్యాక రెండు అంకెలు తీయండి. ఒకటి సగటు, రెండోది ఆ వారంలో అన్నిటికన్నా ఎక్కువ తిరిగిన రోజు లెక్క. సగటును బట్టి మీకు ఎంత డబ్బు మిగులుతుందో తెలుస్తుంది. ఎక్కువ తిరిగిన రోజును బట్టి ఎంత పెద్ద బ్యాటరీ కావాలో తెలుస్తుంది. ఈ రెండింటినీ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. ఒక్క రోజులో 150 కిలోమీటర్లు దాటే ప్రయాణం ఏడాదికి ఎన్నిసార్లు చేస్తారు? ఒకటి రెండు సార్లయితే బస్సో రైలో ఉంది. నెలకు రెండు సార్లు హైదరాబాద్ నుంచి విజయవాడకు బండి మీదే వెళ్లే అలవాటుంటే, మొహమాటం లేకుండా పెట్రోల్ వైపు వెళ్లండి. 270 కిలోమీటర్ల దారి అది. స్ప్లెండర్ ట్యాంకులో 9.8 లీటర్లు పడుతుంది. లీటరుకు 55 వచ్చినా ఫుల్ ట్యాంకుతో వెళ్లి దాదాపు వెనక్కి కూడా రావచ్చు. మామూలు ధరల్లో దొరికే ఎలక్ట్రిక్ బైకుల్లో చాలావాటికి ఒక్క ఛార్జితో అంత దూరం కుదరదు.

2. కంపెనీ చెప్పిన రేంజ్‌ను సగం చేయండి

ప్రకటనల్లో కనిపించే రేంజ్ ఒక నిర్ణీత పరీక్షలో వచ్చిన అంకె. మన దారుల్లో, మన బరువుతో అంత రాదు. ఆర్‌వీ400నే తీసుకోండి. కంపెనీ లెక్క ప్రకారమే ఎకో మోడ్‌లో 150 కిలోమీటర్లు, నార్మల్‌లో 100, స్పోర్ట్‌లో 80. ఎకో మోడ్‌లో వేగం గంటకు 45 దగ్గర ఆగిపోతుంది. హైవే పక్కన లారీల మధ్య ఆ వేగంతో వెళ్లడం ఎవరికీ బాగుండదు. కాబట్టి రోజూ వాడేది నార్మలే, అంటే 100. నాలుగైదేళ్లు వాడాక బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి దిగొచ్చు, అంటే 80 కిలోమీటర్లు. చివరి 15 శాతం ఛార్జి అవసరానికి ఉంచుకుంటే చేతికి వచ్చేది 68.

150 అని చెప్పిన బండిని 70 కిలోమీటర్ల బండిగా చూడండి. ఈ సగం లెక్క కఠినంగా అనిపించవచ్చు, కొత్తలో ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. కానీ మీరు కొనేది నాలుగైదేళ్లకు. మొదటి దశలో రాసుకున్న ఎక్కువ తిరిగిన రోజు ఈ సగం అంకె లోపల ఉంటే రేంజ్ గురించి టెన్షన్ పడాల్సిన పనిలేదు. దాటితే ఇంకా పెద్ద బ్యాటరీ ఉన్న మోడల్ చూడండి, లేదా పెట్రోల్.

వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డం బాగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే గాలి ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అందుకే ఊళ్లో 90 కిలోమీటర్లు వచ్చిన బండి, హైవే మీద 80 వేగంతో పట్టి తోలితే 60కే చేతులెత్తేస్తుంది. పెట్రోల్ బండికి ఇది తిరగబడి ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్తే మైలేజీ పడిపోతుంది, ఖాళీ రోడ్డు మీద 50 వేగంతో సాఫీగా వెళ్తే పెరుగుతుంది. సిగ్నళ్ల మధ్య బతికేవాళ్లకు ఎలక్ట్రిక్ లాభం, ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకు పెట్రోల్ సుఖం.

కొండ దారి ఉన్నవాళ్లు ఇంకో లెక్క కలపండి. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్లు ఎక్కాలి. బండి, ఇద్దరు మనుషులు కలిపి 255 కిలోలు అనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు లేపడానికే అర యూనిట్ కరెంటు కావాలి. మోటారులో పోయే నష్టం కలిపితే 0.6 యూనిట్. మూడు యూనిట్ల బ్యాటరీలో అది ఐదో వంతు. అంటే ఘాట్ ఎక్కడం వల్ల మామూలు దారిలో వచ్చే రేంజ్‌లో ఐదో వంతు అదనంగా ఖర్చయినట్టు. దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది గానీ బైకుల్లో అది కొద్దిగానే. పాడేరు, అరకు, శ్రీశైలం దారుల్లో రోజూ తిరిగేవాళ్లు ఇది తప్పకుండా వేసుకోవాలి.

3. ప్లగ్ పాయింట్ దగ్గరకు వెళ్లి నిలబడండి

నిజంగానే లేచి వెళ్లి చూడండి. బండి రాత్రి ఎక్కడ ఆగుతుంది? అక్కడికి కరెంటు ఎలా వస్తుంది?

సొంత ఇల్లు, గేటు లోపల పార్కింగ్ ఉంటే పని సులువు. గీజరుకు వాడే 15 ఆంప్స్ పవర్ ప్లగ్ ఒకటి బండి దగ్గర పెట్టించుకోవాలి. మామూలు కమ్యూటర్ బైకు ఛార్జర్ గీజరంత కరెంటు లాగదు, కానీ నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. అందుకే లైట్లకు వేసిన సన్న వైరు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి వాడకూడదు. మెయిన్ బోర్డు నుంచి విడిగా రాగి వైరు, దానికి సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. పాత ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పరీక్ష చేయించండి. ఆ ఖర్చు బండి ఖర్చులో భాగమే అనుకోండి.

అపార్ట్‌మెంట్ వాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. మీ ఫ్లాటు మీటరు నుంచి పార్కింగ్ దాకా వైరు లాగుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకోవాలి. ఇంట్లో ఉన్న కనెక్షన్ మీదే సొంత బండికి ఛార్జింగ్ పెట్టుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ కాపీ పట్టుకుని మీటింగులో మాట్లాడండి. బండి కొన్నాక అడగొద్దు, కొనకముందే అడిగి ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి. కామన్ మీటరు నుంచి వాడుకుని నెలకు ఇంత ఇస్తానంటే రెండు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత గొడవ అవుతుంది.

అద్దె ఇల్లు, రోడ్డు పక్కన పార్కింగ్ ఉన్నవాళ్లకు బ్యాటరీ ఊడదీసే మోడళ్లు ఒక దారిలా కనిపిస్తాయి. కానీ ఆ బ్యాటరీ బాగా బరువు. రోజూ మూడో అంతస్తుకు మోయగలరా అన్నది ఒకటైతే, దాన్ని పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టడం అసలు ప్రమాదం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్ జిల్లాలోనూ ఇంట్లో ఛార్జింగ్‌కు పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి, పైనున్న లాడ్జిలోని ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా నిబంధనలను కఠినం చేసి, 2022 డిసెంబర్ నుంచి రెండు దశల్లో అమల్లోకి తెచ్చారు. ఇప్పటి బండ్లు అప్పటికన్నా మెరుగు. అయినా మనుషులు పడుకునే చోట బ్యాటరీ ఛార్జింగ్ పెట్టొద్దనే నేను అంటాను. బండి దగ్గరే ప్లగ్ లేకపోతే, ప్రస్తుతానికి పెట్రోల్ బండే తీసుకోండి.

పల్లెటూళ్లలో ఉండేవాళ్లకు ఒక మాట. మోటారు షెడ్డు దగ్గర వ్యవసాయ కనెక్షన్ నుంచి ఛార్జింగ్ పెట్టాలని అనిపిస్తుంది. అది వేరే అవసరానికి ఇచ్చిన కనెక్షన్, పట్టుబడితే జరిమానా పడుతుంది. పైగా అక్కడి వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు ఛార్జర్ పోతుంది. ఇంటి మీటరు మీదే పెట్టుకోండి.

4. కరెంటు బిల్లు మీద లెక్క వేయండి

షోరూమ్‌లో "కిలోమీటరుకు 20 పైసలు" అంటారు. ఆ 20 పైసలు మీ ఇంటికి వర్తిస్తుందో లేదో మీ బిల్లే చెప్పాలి.

ముందు పెట్రోల్ వైపు. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల పైన ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా కాస్త ఎక్కువ. వంద సీసీ బండి ఊళ్లో లీటరుకు 55 ఇస్తే కిలోమీటరుకు 1.95 రూపాయలు పడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి పాత మైలేజీ అంకెలు పట్టుకుని లెక్క వేయకండి. ట్యాంకు నింపి, మళ్లీ నింపేదాకా తిరిగిన కిలోమీటర్లతో మీ మైలేజీ మీరే తీయండి.

ఎలక్ట్రిక్ వైపు. బ్యాటరీని కిలోవాట్ అవర్‌లో చెబుతారు. అది మీ బిల్లులో ఉండే యూనిట్టే, రెండూ ఒకటే. 3.24 యూనిట్ల బ్యాటరీ 90 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, ఛార్జింగ్‌లో వేడిగా పోయే కరెంటు కూడా కలిపి వంద కిలోమీటర్లకు దాదాపు 4 యూనిట్లు కాలుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే 40 యూనిట్లు.

ఆ 40 యూనిట్లు ఏ శ్లాబులో పడతాయన్నదే కీలకం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి వాడకానికి 126 నుంచి 225 యూనిట్ల మధ్య యూనిట్‌కు 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75. మీ ఇల్లు నెలకు 130 యూనిట్లు కాలుస్తుంటే బండికి 240 రూపాయలు అదనం, సర్దుబాటు ఛార్జీలు వేరే. పెద్ద బాధ లేదు.

తెలంగాణలో మాత్రం 200 యూనిట్ల గీత చాలా ముఖ్యం. ఇల్లు నెలకు 175 యూనిట్లు వాడుతోందనుకోండి. మొదటి వందకు 3.40, మిగతా 75కు 4.80 చొప్పున బిల్లు 700 అవుతుంది. బండి 40 యూనిట్లు కలిపితే 215 అవుతుంది. 200 దాటగానే లెక్క కట్టే పద్ధతే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకు 5.10, పైవాటికి 7.70. బిల్లు 1,135 అవుతుంది. అంటే ఆ 40 యూనిట్లకు 435 రూపాయలు, యూనిట్ దాదాపు 11 రూపాయలు పడినట్టు. ఇక గృహజ్యోతి పథకం కింద సున్నా బిల్లు వస్తున్న ఇల్లయితే, 200 దాటిన నెలలో మొత్తం 1,135 రూపాయలూ మీరే కట్టాలి, స్థిర ఛార్జీలు అదనం. వెయ్యి కిలోమీటర్లకు పెట్రోలు మీద 1,950 మిగులుతుందని కొన్న బండి, ఆ నెలలో మిగిల్చేది ఎనిమిది వందలే.

దీనర్థం తెలంగాణలో ఎలక్ట్రిక్ కొనొద్దని కాదు. 120 యూనిట్లు వాడే ఇంటికి బండి కలిపినా 160 దాటదు, సున్నా బిల్లు సున్నాగానే ఉంటుంది. పెట్రోలు డబ్బు మొత్తం మిగిలినట్టే. 175 దగ్గర ఉన్నవాళ్లు మాత్రం ముందు ఫ్యాన్లు, ఫ్రిజ్ సంగతి చూసుకుని, ఆఫీసులో ఛార్జింగ్ పెట్టుకునే వీలుందేమో అడగండి. ఎండాకాలంలో కూలరు నడిచే నెలల బిల్లులు కూడా తీసి చూడండి, శీతాకాలం బిల్లు ఒక్కటి చూసి నిర్ణయించొద్దు.

5. ఎన్నాళ్లకు గిట్టుబాటవుతుందో తీయండి

రెండు షోరూమ్‌ల నుంచి ఆన్‌రోడ్ ధర కాగితం మీద తెచ్చుకోండి. ఎక్స్ షోరూమ్ ధరలు పోల్చడం దండగ, పన్నుల్లో తేడా చాలా ఉంది.

ఎలక్ట్రిక్ బండ్లకు జీఎస్‌టీ 5 శాతం. పెట్రోల్ బైకులకు 350 సీసీ దాకా 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం అయింది. దాంతో పెట్రోల్ బండ్లు బాగానే తగ్గాయి. అంతకుముందు రాసిన పోలికలు, వీడియోలు చూసి లెక్క వేస్తే తప్పు వస్తుంది. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు 2026 డిసెంబర్ 31 దాకా పూర్తిగా మాఫీ, 2024 నవంబర్‌లో ఇచ్చిన జీవో 41 ప్రకారం. ఆంధ్రప్రదేశ్‌లో కొనేవాళ్లు ఆ రోజు మినహాయింపు ఎంత ఉందో ఆర్టీవో ఆఫీసులోనే అడగండి. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద ఇచ్చే సబ్సిడీ 2025-26లో యూనిట్ బ్యాటరీకి 2,500, బండికి గరిష్ఠంగా 5,000 ఉండేది. అది ధరలో ముందే తగ్గించి చూపిస్తారు, మీ ఖాతాలోకి రాదు. కొనే రోజుకు అమల్లో ఉందో లేదో అడిగి తెలుసుకోండి. థర్డ్ పార్టీ బీమా కూడా ఎలక్ట్రిక్‌కు 15 శాతం తక్కువ.

ఇప్పుడు రెండు ఆన్‌రోడ్ ధరల తేడాను నెలనెలా మిగిలే డబ్బుతో భాగించండి. ఉదాహరణకు తేడా 40 వేలు అనుకుందాం. యూనిట్ 7.70 పడ్డా కిలోమీటరుకు ఎలక్ట్రిక్ ఖర్చు 31 పైసలు, పెట్రోల్ 1.95, మిగిలేది 1.60 పైన. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు వెయ్యి తిరిగేవాళ్లకు 1,600 మిగులుతుంది. సర్వీసింగ్‌లో నెలకు ఇంకో 200 అనుకుంటే 22 నెలల్లో తేడా వసూలైపోతుంది. రోజుకు 12 కిలోమీటర్లే తిరిగేవాళ్లకు నెలకు మిగిలేది 680. వాళ్లకు దాదాపు ఐదేళ్లు పడుతుంది. నా లెక్కలో రోజుకు 30 కిలోమీటర్లు దాటనివాళ్లు డబ్బు ఆదా కోసం ఎలక్ట్రిక్ కొనక్కర్లేదు. చప్పుడు లేకపోవడం, గేర్లు, క్లచ్ లేకపోవడం, పొగ లేకపోవడం ఇష్టమై కొంటే అది వేరే సంగతి, అది మంచి కారణమే.

అప్పు తీసుకుంటే రెండు బండ్ల వడ్డీ శాతమూ విడివిడిగా అడగండి. అమ్మేటప్పుడు వచ్చే ధర కూడా గుర్తుంచుకోండి. ఐదేళ్ల పాత స్ప్లెండర్‌కు ఏ ఊళ్లోనైనా కొనేవాళ్లుంటారు. పాత ఎలక్ట్రిక్ బైకును చూడగానే ఎవరైనా అడిగేది బ్యాటరీ ఇంకెన్నాళ్లని, దానికి జవాబు చెప్పడం కష్టం.

6. సర్వీస్ సెంటర్, బ్యాటరీ వారంటీ

పెట్రోల్ బండి ఆగిపోతే నల్గొండ దగ్గరైనా నరసరావుపేట దగ్గరైనా రోడ్డు పక్కన మెకానిక్ ఉంటాడు. ప్లగ్ విప్పి తుడుస్తాడు, క్లచ్ వైరు మారుస్తాడు, మీరు టీ తాగేలోపు బండి కదులుతుంది. ఎలక్ట్రిక్ బైకులో అరిగే భాగాలు తక్కువ. ఆయిల్ మార్చక్కర్లేదు, ఎయిర్ ఫిల్టర్ లేదు, స్పార్క్ ప్లగ్ లేదు, కార్బన్ పట్టడం లేదు. బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, సస్పెన్షన్, బెల్టు లేదా చైను చూసుకుంటే చాలు. కానీ కంట్రోలరో, బ్యాటరీని నడిపే బోర్డో, సాఫ్ట్‌వేరో మొరాయిస్తే కంపెనీ మనిషి తప్ప ఎవరూ ముట్టుకోలేరు. విడిభాగం రావడానికి వారాలు పడితే బండి అక్కడే ఉంటుంది, ఈఎంఐ మాత్రం ఆగదు.

అందుకని షోరూమ్ ఎంత మెరుస్తోందో చూడకండి, సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. ఉదయం పదింటికి వెళ్లి గేటు దగ్గర బండ్లు తెచ్చినవాళ్లతో మాట్లాడండి. ఎన్ని రోజులైంది, ఏం పోయింది, ఎవరైనా ఫోన్ ఎత్తుతున్నారా అని అడగండి. అరగంటలో మీకు తెలిసేది ఏ ప్రకటనలోనూ ఉండదు. సర్వీస్ సెంటర్ మీ ఇంటికి 40 కిలోమీటర్లు దాటి ఉంటే నేనైతే ఆ కంపెనీ బండి వద్దనుకుంటాను. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు కేంద్ర రవాణా శాఖ వాహన్ డ్యాష్‌బోర్డ్‌లో తమ ఆర్టీవో పరిధిలో ఏ కంపెనీ బండ్లు ఎన్ని రిజిస్టరయ్యాయో కూడా చూడవచ్చు. ఆ అంకె పది దాటకపోతే మీ ఊరికి విడిభాగాలు తెప్పించే శ్రద్ధ ఎవరికీ ఉండదు.

వారంటీ కాగితంలో మూడు విషయాలు వెతకండి. ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, సామర్థ్యం ఎంత శాతం కిందికి పడితే బ్యాటరీ మారుస్తారు. కొందరు మూడేళ్లే ఇస్తారు, కొందరు ఎనిమిదేళ్ల దాకా ఇస్తున్నారు. మూడో విషయం రాయని కాగితం బలహీనమైన వారంటీ. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే తప్ప మార్చరని దానర్థం. వారంటీ అయ్యాక కొత్త బ్యాటరీ ధర ఎంతో కూడా ఈరోజు లెక్కన రాయించుకోండి.

బ్యాటరీలో ఏ రసాయనం ఉందో అడగండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అంటే వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జింగ్ తట్టుకుంటుంది, బరువు కొంచెం ఎక్కువ. ఒబెన్ రోర్‌లో ఉన్నది అదే. ఎన్‌ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) అంటే అదే బరువులో ఎక్కువ రేంజ్, కానీ వేడితో జాగ్రత్తగా ఉండాలి. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వైపు ఉండేవాళ్లకు ధర దగ్గరదగ్గరగా ఉంటే నేను ఎల్‌ఎఫ్‌పీ వైపే చెబుతాను.

7. టెస్ట్ రైడ్ ఇలా చేయండి

షోరూమ్ చుట్టూ ఒక రౌండ్ కొడితే ఏమీ తెలియదు. మీ వెనక మామూలుగా ఎవరు కూర్చుంటారో వాళ్లను తీసుకెళ్లండి. సీటు పొడవు, కాళ్లు పెట్టుకునే చోటు, చీర కట్టుకున్నవాళ్లు పక్కకు తిరిగి కూర్చోవడానికి వీలుందా, ఇవన్నీ ఇంట్లో రోజూ మాటొచ్చే విషయాలు. ఒక ఫ్లైఓవర్ ఎక్కండి. గుంతల రోడ్డు మీద తోలండి.

ముఖ్యంగా, ఛార్జి 20 శాతం దగ్గర ఉన్న బండి అడగండి. ఫుల్ ఛార్జిలో అన్నీ బాణంలా దూసుకుపోతాయి. బ్యాటరీ అడుగంటినప్పుడు చాలా బండ్లు శక్తిని తగ్గించుకుంటాయి. ఆ స్థితిలో ఇద్దరితో ఫ్లైఓవర్ ఎక్కగలదా అన్నదే మీకు తెలియాల్సింది. మీరు ఇంటికి తిరిగొచ్చే సాయంత్రాలు చాలావరకు అలాగే ఉంటాయి.

యాక్సిలరేటర్ సంగతి కూడా. పెట్రోల్ బండికి శక్తి రావడానికి ఇంజిన్ వేగం పుంజుకోవాలి. ఎలక్ట్రిక్ మోటారు ఆగి ఉన్న చోటి నుంచే పూర్తి బలంతో లాగుతుంది. అలవాటు లేనివాళ్లు సిగ్నల్ దగ్గర ఒక్కసారి తిప్పితే ముందున్న ఆటోకు తగులుతుంది. మొదటి వారం ఎకో మోడ్‌లోనే తోలండి. బండికి చప్పుడు లేదని కూడా మరవొద్దు, సందుల్లో పిల్లలు, ముసలివాళ్లు మీరు వస్తున్నారని గమనించరు. హారన్ వాడండి.

పాల క్యాన్లు, గడ్డిమోపులు, ఎరువుల బస్తాలు వేసుకుని పొలం గట్ల మీద తిరిగేవాళ్లకు టెస్ట్ రైడ్ కూడా అక్కర్లేదు. ఆ పనికి ఇవాళ్టికి పెట్రోల్ బండే తగినది.

8. కొన్నాక

ఎలక్ట్రిక్ తీసుకుంటే, డెలివరీ రోజున బ్యాటరీ నంబరు, మోటారు నంబరు, ఛార్జర్ నంబరు మూడూ ఇన్వాయిస్‌లో ఉన్నాయో లేదో బండితో పోల్చి చూడండి. తేడా ఉంటే అక్కడే సరిచేయించండి, వారంటీ అడిగే రోజున ఈ నంబర్లే అడుగుతారు. ఆకుపచ్చ నంబరు ప్లేటు వస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ లైసెన్సు, బీమా, హెల్మెట్ అన్నీ మామూలే. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు చిన్న బండ్లకే వాటి నుంచి మినహాయింపు.

ఎండలో తిరిగొచ్చి వెంటనే ప్లగ్ పెట్టకండి, అరగంట చల్లారనివ్వండి. నీడలో ఆపండి. రోజువారీకి 20 నుంచి 80 శాతం మధ్య ఉంచితే ఎన్‌ఎంసీ బ్యాటరీకి ఆయుష్షు. ఎల్‌ఎఫ్‌పీకి అప్పుడప్పుడూ పూర్తిగా ఎక్కించాలి, లేకపోతే మీటరు చూపించే శాతం తప్పుతుంది. కంపెనీ ఛార్జర్ తప్ప వేరేది వాడొద్దు. వానాకాలంలో బ్యాటరీ మునిగేంత నీళ్లలో ఇరుక్కుంటే, బయటికి తీశాక ఛార్జింగ్ పెట్టకుండా సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయండి. బ్యాటరీకి చెప్పే ఐపీ67 రేటింగ్ అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పరీక్ష చేశారని, మూసీ వరదలో ఆపేయవచ్చని కాదు.

పెట్రోల్ తీసుకుంటే మొదటి సర్వీసు ఆలస్యం చేయకండి, ఆ తర్వాత ఆయిల్ మార్పు వాయిదా వేయకండి. సైలెన్సర్‌లోకి నీళ్లు పోతే సెల్ఫ్ కొట్టకుండా తోసుకుంటూ పొడి చోటికి తీసుకెళ్లండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన పాత బండి కొంటుంటే ఇరవై శాతం ఇథనాల్‌కు దాని రబ్బరు పైపులు, సీళ్లు తగినవో కాదో మాన్యువల్ చూసి మెకానిక్‌ను అడగండి.

ఇంట్లో ఇప్పటికే ఒక పెట్రోల్ బండి ఉండి, మీరు ఎలక్ట్రిక్ కొంటున్నట్టయితే, ఎక్స్ఛేంజ్‌లో ఎంత ఇస్తామన్నా ఆ పాత బండిని వెంటనే ఇవ్వకండి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం కొత్త బండి ఎలా నడుస్తుందో చూడండి. ఈలోపు దూర ప్రయాణాలకు, బండి సర్వీస్ సెంటర్‌లో ఉన్న రోజులకు పాతది పనికొస్తుంది. వాన తగ్గి దసరా వచ్చేసరికి ఆ పాత బండి తాళం ఎన్నిసార్లు తీశారో మీకే తెలుస్తుంది, దాన్ని అమ్మాలో వద్దో అప్పుడు చూసుకోండి.